రక్తానికి ముందు సూది

“చనిపోయినాయనకి ఆఖరి ఇంజెక్షన్ ఎప్పుడిచ్చారు?”

నర్సు తలెత్తలేదు. రెండు చేతులూ బల్ల మీద ఒకదాని మీద ఒకటి పెట్టుకుని కూర్చుంది. నిన్న సాయంత్రం డ్యూటీలో ఉండగా స్టేషన్‌కి తీసుకొచ్చారు. వార్డులో వేసుకున్న తెల్లకోటు ఇంకా ఒంటి మీదే ఉంది.

“చెప్పాను కదండీ. నిన్నట్నుంచి అడిగినవాళ్లందరికీ చెప్తూనే ఉన్నాను. పోయిన శుక్రవారం ఆయన రాలేదు. మొన్న మంగళవారమూ రాలేదు. తమ్ముడింటికి వెళ్లాడట. అంతకు ముందు మంగళవారం ఇచ్చాను. అదే ఆఖరు.”

“మీ బదులు ఇంకెవరైనా ఇచ్చి ఉంటారా?”

“నేను తప్ప ఆ వార్డులో సూది పట్టేవాళ్లు లేరు.”

ఆమెకు ఎదురుగా కూర్చున్న మనిషిని అందరూ తూనికలాయన అంటారు. పూర్వం తూనికలు కొలతల శాఖలో పనిచేశాడు. దుకాణాలకు వెళ్లి త్రాసులూ సీళ్లూ తనిఖీ చేసేవాడు. ఆ ఉద్యోగం వదిలేసి డిటెక్టివ్ పని మొదలుపెట్టి చాలా ఏళ్లయినా పేరు మాత్రం వదల్లేదు. మాట కూడా తూచి వదులుతాడు గనక అది ఆయనకు అతికిపోయింది. ఈ కేసు ఆయనకు ఎవరూ అప్పజెప్పలేదు. స్టేషన్‌లో ఈ కుర్చీ దొరకడానికి కారణం ఇన్‌స్పెక్టరు ఆయన భార్యకు సొంత తమ్ముడు కావడం. కేసులో తలదూర్చడానికి కారణం కూడా ఆ భార్యే.

ఆమెకు తొమ్మిదేళ్లుగా జబ్బు. మూత్రపిండాల మీద టోపీల్లా కూర్చుని ఉండే రెండు గ్రంథులు పని మానేశాయి. వాటిలో ఊరే హార్మోన్ తగ్గితే మనిషికి లేచి నిలబడే ఓపిక ఉండదు. అసలే లేకపోతే ప్రాణం నిలవదు. తొమ్మిదేళ్లు పూటపూటా మాత్రలు మింగి ఆ లోటు ఎంతోకొంత పూడ్చుకుంది. ఆ మధ్య పరిశోధనలు చేసే ఆసుపత్రిలో ఒక డాక్టరు కొత్త దారి చెప్పాడు. ఆ హార్మోన్ తయారుచేసే జీవకణాలను సముద్రపు నాచు నుంచి తీసిన జిగురులో పొదిగి, గుళికలుగా చేసి, పొట్ట లోపల పెడతారు. గుళిక గోడలో కంటికి కనపడని కంతలుంటాయి. తిండీ గాలీ లోపలికి వెళ్తాయి, హార్మోన్ బయటికి వస్తుంది. పరాయి కణాలు కనపడితే చాలు మీద పడి చంపే ఒంటి కాపలావాళ్లు మాత్రం ఆ కంతల్లో దూరలేరు. ఇక మాత్రలతో పనిలేదు. ఒళ్లు ఎప్పుడు ఎంత అడిగితే గుళికలు అంత ఇస్తాయి.

ఎనిమిది మంది ఒప్పుకున్నారు. ఐదు వారాల కిందట అందరికీ గుళికలు పెట్టారు, మెల్లగా మాత్రలు మాన్పించారు. తూనికలాయన భార్య మాత్రల డబ్బా తీసుకెళ్లి చెత్తబుట్టలో తలకిందులుగా బోర్లించింది. ఇంటికి ఎవరొచ్చినా ఒకటే కబురు. “నా కడుపులో అద్దెకి దిగారు. పిల్లాజెల్లా కలిపి లక్షల్లో ఉన్నారట. చప్పుడు చెయ్యరు. ఏ పూట అద్దె ఆ పూట కట్టేస్తారు.”

ఆ ఎనిమిది మందిలో గడియారాలు బాగుచేసే ఆయన ఒకడు. బుధవారం పొద్దున చనిపోయాడు. గురువారం సాయంత్రానికి ఇన్‌స్పెక్టరు నర్సును పట్టుకున్నాడు. మంగళ, శుక్రవారాల్లో ఆమె పేషెంట్లకిచ్చే ఇంజెక్షన్ సీసాల మీద లేబుళ్లు లేవు. ఆమె బీరువా తెరిస్తే అలాంటి సీసాలు డబ్బా నిండా దొరికాయి. అందులో ఏముందో సోమవారం గాని తెలియదని పరీక్షకు పంపినచోట చెప్పారు. టీవీవాళ్లకు మాత్రం నిన్నే తెలిసిపోయింది.

తూనికలాయనకి కావలసింది ఒక్క జవాబు. తన భార్యకు ప్రమాదం సూదిలోంచా, గుళికల్లోంచా? సూదిలోంచైతే నిన్నటితో గండం గడిచింది. గుళికల్లోంచైతే అవి ఇంకా ఆమె పొట్టలోనే ఉన్నాయి.

“ఆ సీసాల్లో ఏముంది?” అని అడిగాడు.

“విటమిన్. బలానికని డాక్టరుగారు చెప్పారు.”

“లేబుల్ లేని సీసా చేతికిస్తే తీసుకున్నారా?”

“పరిశోధనల్లో అది మామూలేనండీ. ఏది అసలు మందో, ఏది ఉత్తిదో ఇచ్చేవాళ్లకి తెలియకూడదని లేబుళ్లు తీసేసి ఇస్తారు. ఇంతకు ముందు కూడా ఎన్నోసార్లు చేశాను. మీ బావమరిదిగారికి అదే చెబితే, ఎవరికమ్మా కథలు చెప్తున్నావ్ అన్నారు.”

“మీరు నాకు కథలొద్దు, పని చెప్పండి. మంగళవారం పొద్దున పేషెంటు వార్డు గుమ్మంలోకి వచ్చాడు. అక్కణ్నుంచి మొదలుపెట్టండి. ముందు ఏం చేస్తారు, తర్వాతేం చేస్తారు?”

నర్సు తలెత్తి ఆయన్ని చూసింది. నిన్నటినుంచి అందరూ ఆమె ఎవరిమీద పగతో చేసిందో అడిగారు. ఎలా చేస్తుందో అడిగినవాడు లేడు.

“బరువు చూస్తాను. బీపీ చూస్తాను. ఇంజెక్షన్ ఇస్తాను. అరగంట కూర్చోబెట్టి, అప్పుడు పరీక్షకి రక్తం తీస్తాను.”

“ముందు ఇంజెక్షన్. తర్వాత రక్తం.”

“అవునండీ.”

“మీరు పనిచేసిన మిగతా వార్డుల్లో కూడా ఇదే వరసా?”

ఆమె మనసులో ఆ వార్డులన్నీ ఒకసారి తిరిగొచ్చినట్టుంది.

“కాదు. ఎక్కడైనా రక్తమే ముందు. మందు వేశాక తీస్తే ఆ రక్తంలో మనం వేసిందే కనపడుతుంది కదా. ఈ సూదులు మొదలైన రోజు నేను అలవాటు కొద్దీ రక్తం తీయబోతే డాక్టరుగారు వచ్చి ఆపేశారు. ఇక్కడి పద్ధతి వేరు సిస్టర్ అన్నారు. విటమినే కదా, ముందేస్తే ఏంటి, వెనకేస్తే ఏంటి అనుకున్నాను.”

“సూది పడ్డాక పేషెంట్లు ఎలా ఉండేవారు?”

“హుషారుగా. సిస్టర్‌ది మంచి చెయ్యి అనేవాళ్లు. మళ్లీ వచ్చే రోజుకి కాస్త వాడిపోయి వచ్చేవాళ్లు. మీ ఆవిడ మాత్రం వాడినా జోకులు ఆపదు.”

“గడియారాలాయన రాలేదని తెలిసి డాక్టరు ఏమన్నాడు?”

“నా ముందే ఫోన్ చేశారు. ఎత్తలేదు. మధ్యాహ్నం దాకా చేస్తూనే ఉన్నారు. మంగళవారం కూడా అంతే. ఒక్క విటమిన్ కోసం ఇంత తాపత్రయపడే డాక్టర్ని నేనింతవరకూ చూళ్లేదు. పేషెంట్లంటే ఎంత ప్రాణమో అనుకున్నాను.”

తూనికలాయన లేచాడు. తలుపు దాకా వెళ్లి వెనక్కి తిరిగాడు.

“టీ తాగారా?”

“ఎవరూ అడగలేదండీ.”

బయట బెంచీ మీదున్న కానిస్టేబుల్‌కి టీ సంగతి చెప్పి ఆయన ఆసుపత్రికి బయల్దేరాడు.

*

వార్డు తలుపుకు పోలీసు సీలు ఉంది. దాన్ని దాటి పక్క మెట్లెక్కితే గుళికలు చేసే గది వస్తుంది. దానికి సీలు వెయ్యాలని ఎవరికీ తోచలేదు. డాక్టరు లోపల ఒక్కడే ఉన్నాడు. తూనికలాయన్ని గుర్తుపట్టాడు.

“మీ ఆవిడ ఎలా ఉన్నారు?”

“బాగానే ఉంది. పొద్దున ఇంజెక్షన్‌కి వస్తే వెనక్కి పంపేశారట.”

“అవును, పోలీసులు... ఇప్పుడెలా ఉన్నారు? తింటున్నారా?”

ఒక్క నిమిషంలో రెండుసార్లు అడిగాడు. తూనికలాయన అది గుర్తుపెట్టుకున్నాడు.

“తను మీరు పెట్టినవాటి గురించి రోజూ చెప్తుంది. అవెలా పుడతాయో ఒకసారి చూద్దామని వచ్చాను.”

డాక్టరు కాస్త తేరుకున్నాడు. చేసే పని చూపించమంటే కాదనలేని మనిషి. గాజు తలుపున్న పెట్టెలో ఒక పంపు, దానికొక సూది, సూది కింద గిన్నె. జిగురులో కలిపిన కణాలు సూది మొన నుంచి బొట్లు బొట్లుగా గిన్నెలోని కాల్షియం నీళ్లలో పడతాయి. పడ్డ బొట్టు పడ్డట్టే గట్టిపడి గుళిక అవుతుంది. తర్వాత వాటిని కడిగి పైన ఇంకో పొర వేస్తారు.

“బతికున్నాయో లేదో ఎలా తెలుస్తుంది?”

“చేసిన రోజే రంగు వేసి మైక్రోస్కోపు కింద చూస్తాం. బతికున్నవి పచ్చగా మెరుస్తాయి, చచ్చినవి ఎర్రగా కనిపిస్తాయి. మీ ఆవిడకి పెట్టినవి నూటికి తొంభై పైన పచ్చగా ఉన్నాయి.”

“మర్నాడు చూస్తారా?”

“మర్నాటికి అవి పేషెంటు లోపల ఉంటాయి కదండీ.”

“నాలుగోరోజు?”

డాక్టరు పంపు మీదున్న మరకను తుడిచాడు.

గోడ పక్కన ఫ్రిజ్ లాంటి పెట్టె ఉంది. లోపల చలి ఉండదు, మనిషి ఒంట్లో ఉండే వేడి ఉంటుంది. అరల నిండా చదునైన సీసాలు. వాటిలో కణాలకు వేసే తిండి, నీళ్లలా ఉంది. కింది అరలోని సీసాల్లో అది పసుపు రంగుకు తిరిగింది. పై అర మూలనున్న ఒక్క సీసాలో ఎర్రగా ఉంది. అడుగున గుళికలు ఆవగింజల్లా గుండ్రంగా పేరుకుని ఉన్నాయి.

“ఈ రంగు తేడా ఏంటి?”

“కణాలు తిన్నాక పులుపు విడుస్తాయి. దాంతో తిండి పసుపుకు తిరుగుతుంది. మార్చే టైమైందని మాకు గుర్తు.”

“ఈ ఎర్రది?”

“మీ ఆవిడ బ్యాచ్‌లో మిగిలినవి. నమూనా కోసం ఉంచాం.”

“ఎర్రగా ఎందుకుంది?”

“నిన్నే తిండి మార్చాం.”

తూనికలాయన కళ్లద్దాలు సవరించుకుని వంగాడు. సీసా మూత చుట్టూ సన్నటి టేపు చుట్టి ఉంది. దాని మీద నల్లపెన్నుతో ఐదు వారాల కిందటి తారీకు రాశారు. రాసిన చెయ్యి విసురుగా రాసింది. అంకెల చివర గీత టేపు దాటి సీసా మెడ మీదికి పోయింది. టేపు విప్పి మళ్లీ చుడితే ఆ గీత రెండు ముక్కలు ఒకచోట కలవవు. ఇక్కడ జుట్టు మందం కూడా తేడా లేదు.

“డాక్టరుగారూ, త్రాసుకి వేసిన సీలు విప్పి మళ్లీ వేశారా లేదా అని చూడటమే నా సగం జీవితం. ఈ సీసా మూత ఐదు వారాలుగా ఎవరూ తియ్యలేదు. లోపల పోసిన తిండి పోసిన రంగులోనే ఉంది. గుళికల్లోని కణాలు ఒక్కటీ ముట్టలేదు.”

డాక్టరు పెట్టె తలుపు మూయబోయాడు. తూనికలాయన చెయ్యి అడ్డం పెట్టాడు.

“బావా!”

గుమ్మంలో ఇన్‌స్పెక్టరు నిలబడి ఉన్నాడు. మెట్లెక్కి వచ్చినందుకు రొప్పుతున్నాడు.

“నా స్టేషన్‌లో నీకు పది నిమిషాలు కూర్చోడానికి చోటిస్తే, నా ముద్దాయికి టీలు పోయించి, నా సాక్షి మీద పడ్డావా? నీకిది న్యాయంగా ఉందా?”

“టీ కూడా నువ్వే ఇప్పించి ఉంటే నాకు ఆ పని తప్పేది.”

“వేళాకోళాలొద్దు. టీవీ చూశావా? పై ఆఫీసరు ఫోన్ చేసి మెచ్చుకున్నాడు. ఇప్పుడు సొంత బావ వెళ్లి కేసు తిరగేస్తున్నాడని తెలిస్తే నా మొహం ఎక్కడ పెట్టుకోను?”

“కూర్చో. నాకో లెక్క కుదరట్లేదు. ఆ సూదిలో విషమే ఉంటే, సూది వేయించుకోనివాడు చచ్చిపోయి, వేయించుకున్నవాళ్లందరూ ఎలా బతికున్నారు?”

“నెమ్మదిగా పనిచేసే విషం. ముందు వేసినవి చాలు.”

“మిగతావాళ్లకి అంతకన్నా ఎక్కువే పడ్డాయి. మీ అక్కతో సహా.”

“అందుకే కదా ఆపింది!” ఇన్‌స్పెక్టరు గొంతు పెరిగింది. “ఇవాళ పొద్దున ఏడుగుర్నీ సూది పడకుండా వెనక్కి పంపింది ఎవరు? నేను. మా అక్క ప్రాణం కాపాడింది నేను. నువ్వేమో పక్కన కూర్చుని తూకాలేస్తున్నావ్. ఒక మాట చెప్పనా బావా? ఏమనుకోకు. తొమ్మిదేళ్లు నీ ఇంట్లో అక్క మంచానికి అంటుకుపోయింది. ఈయన వచ్చి లేపి నిలబెట్టాడు. నెలరోజులుగా అక్క నవ్వుతుంటే చూస్తున్నాను. ఆ నవ్వులో కూడా నువ్వు తప్పు వెతుకుతున్నావ్.”

తూనికలాయనకి ఆ మాట గుచ్చుకుంది. ఆమె నవ్వుతోంది, నిజమే. లేస్తోంది, తిరుగుతోంది, ఇల్లంతా తలకిందులు చేస్తోంది. బీరువా ఈ గదిలోంచి ఆ గదిలోకి, ఆ గదిలోంచి మళ్లీ ఈ గదిలోకి తోయిస్తోంది. ఆయన ఆలోచన ఆ బీరువా దగ్గర ఆగిపోయింది.

“మా బీరువా జరపడానికి నువ్వు రెండుసార్లు వచ్చావు కదా. ఏ వారాలు?”

“బీరువా ఏంటి బావా ఇప్పుడు?”

“చెప్పు.”

“ఒకసారి శుక్రవారం. డ్యూటీ దిగి వచ్చాను. ఇంకోసారి... మంగళవారం.”

“సోమవారం ఎప్పుడైనా పిలిచిందా?”

ఇన్‌స్పెక్టరు ఆలోచించాడు.

“సోమవారాలు పడుకునే ఉంటుంది,” అన్నాడు తూనికలాయన. “తలనొప్పంటుంది. రేపు ఆసుపత్రికి వెళ్లొస్తే సర్దుకుంటుందిలే అంటుంది. వెళ్లొచ్చాక నిజంగానే సర్దుకుంటుంది. డాక్టరు నాలుగు మంచిమాటలు చెప్పాడు కాబోలు, ఆ సంతోషం అనుకున్నాను. పక్కనే ఉండి నెల రోజులు చూశాను, ఒక్కసారి కూడా అనుమానం రాలేదు. ఒళ్లు అడిగినప్పుడల్లా గుళికలు ఇస్తుంటే సోమవారం ఒకలా, మంగళవారం ఇంకోలా ఎందుకుంటుంది?”

గదిలో పంపు ఇంకా తిరుగుతోంది. డాక్టరు చెయ్యి చాచి దాన్ని ఆపేశాడు.

“డాక్టరుగారూ. మా ఆవిణ్ని లేపి నిలబెట్టింది గుళికలు కాదు. సూది. ఆ సీసాల్లో ఉన్నది విటమినూ కాదు, విషమూ కాదు. గుళికలు ఇవ్వాల్సిన హార్మోన్. అది పడ్డాక రక్తం తీయిస్తే అంకెలు బాగుంటాయి. అంతేనా?”

డాక్టరు స్టూలు మీద కూర్చున్నాడు. గిన్నె తన వైపు జరుపుకున్నాడు.

“సన్న సూది మాటిమాటికీ పూడుకుపోయేది,” అన్నాడు. “లావు సూది పెట్టాను. గుళికలు పెద్దవొచ్చాయి. గుండ్రంగా, ఒక్క వంకర లేకుండా వచ్చాయి. అంత బాగా ఎప్పుడూ రాలేదు. చేసిన రోజు చూస్తే అన్నీ పచ్చగానే ఉన్నాయి. కానీ గుళిక పెద్దదైతే నడుమ ఉన్నవాటికి గాలి చేరదు. ఒక్కసారిగా చావవు. రోజురోజుకీ చస్తాయి. మేం చూసేది మొదటిరోజే. రెండోవారంలో రక్తం అంకెలు పడిపోయాక ఈ సీసాలోవి మైక్రోస్కోపు కింద పెట్టాను. మూత తియ్యలేదు. తియ్యాల్సిన పని కూడా లేకపోయింది. నల్లబడిపోయి కనిపించాయి. సూదులు ఆ వారమే మొదలుపెట్టాను.”

“అప్పుడే ఆపి ఉండొచ్చు.”

“ఆపితే ఈ గదికి తాళం పడేది. మళ్లీ ఎవరూ తెరవరు. పదమూడేళ్ల పని. సన్న సూదితో కొత్తవి చేశాను. కింద పసుపు సీసాల్లో ఉన్నవి అవే. బతికున్నాయి చూడండి, తింటున్నాయి! ఇంకో రెండు వారాలాగితే అందరికీ వాటిని పెట్టేవాణ్ణి. అప్పటిదాకా ఎవరికీ లోటు రాకుండా చూసుకున్నాను.”

“గడియారాలాయనకి?”

“ఆయనకి ఎన్నిసార్లు ఫోన్ చేశానో మీకు తెలియదు.”

“ఎత్తి ఉంటే ఏం చెప్పేవారు?”

“వచ్చి ఇంజెక్షన్ వేయించుకోమని.”

“రాలేని చోట ఉన్నాడు. మళ్లీ మాత్రలు మొదలుపెట్టమని ఒక్క మాట కబురు చేస్తే సరిపోయేది.”

“చేస్తే, ఎందుకని అడిగేవాళ్లు.”

ఆ మాట అన్నాక డాక్టరు తనే దాన్ని విన్నట్టు నోరు మూసుకున్నాడు. ఒక మనిషి బతకడానికీ చావడానికీ మధ్య ఉన్నది ఒక ప్రశ్న. దానికి జవాబు చెప్పాల్సి వస్తుందని ఈయన భయపడ్డాడు.

ఇన్‌స్పెక్టరు గోడకు ఆనుకున్నాడు. ఇంతసేపూ ఒక్కొక్క మాటా అందుకుంటూ వచ్చి, ఇప్పుడు తను చేసిన పని దగ్గరికి చేరుకున్నాడు.

“అయితే పొద్దున నేను వెనక్కి పంపినవాళ్లు...”

“ఆ ఏడుగురికీ అదొక్కటే ఆధారం,” అన్నాడు తూనికలాయన. “నువ్వు ఆపింది విషం కాదు.”

“కంగారు పడక్కర్లేదు,” డాక్టరు గబగబా అందుకున్నాడు. “అది కండలో నిలవుండి మెల్లగా ఊరే మందు. మంగళవారం వేసింది రేపటిదాకా కొంత ఉంటుంది. ఈలోగా ఏదో ఒకటి చేద్దామనే చూస్తున్నాను. మామూలుగా ఉంటే రేపటిదాకా ఏం కాదు.”

“మామూలుగా అంటే?”

“జ్వరం రాకుండా, దెబ్బ తగలకుండా, కోతలూ కుట్లూ లాంటివేమీ లేకుండా. అలాంటివి వస్తే ఒళ్లు ఒక్కసారిగా రెండింతలు, మూడింతలు అడుగుతుంది. లోపల ఏమీ ఉండదు. గడియారాలాయనకి తమ్ముడింట్లో జ్వరం వచ్చిందట. లేకపోతే ఇంకో రెండు రోజులు...”

“బావా.”

ఇన్‌స్పెక్టరు గొంతు మారింది. చిన్నప్పుడు ఏదో పగలగొట్టి వచ్చి అక్క వెనక నిలబడ్డప్పుడు ఇలాంటి గొంతే ఉండేదేమో.

“అక్కని ఇందాక జీపులో నేనే దింపాను. డెంటిస్టు దగ్గర. జ్ఞానదంతం పీకించుకుంటానంది. ఏడాదిగా బాధపెడుతోందట, ఇన్నాళ్లూ ఓపిక లేక ఊరుకుందట. ఈమధ్య ఒంట్లో బాగుంటోంది కదా, పనైపోతుందంది. నీకు చెప్పొద్దంది. చెబితే బావ పది ప్రశ్నలు అడిగి పన్ను అక్కడే ఉండనిస్తాడు అంది.”

తూనికలాయన అప్పటికే ఫోన్ తీశాడు. భార్య ఫోన్ మోగి మోగి ఆగిపోయింది. ఇన్‌స్పెక్టరు క్లినిక్‌కి చేశాడు. రెండోసారికి ఒక అమ్మాయి ఎత్తింది. స్పీకర్‌లో పెట్టాడు.

“ఆవిడా? పన్ను తీసేశారండీ. అంతా బాగానే అయింది. కళ్లు తిరుగుతున్నాయంటే బెంచీ మీద పడుకోబెట్టాం. ఒకసారి వాంతయింది. భయం వల్ల అలా అవుతుందని సార్ చెప్పి వెళ్లారు. ఇంకో క్లినిక్‌లో పేషెంట్లున్నారు కదా.”

“ఆవిడకి ఫోన్ ఇవ్వమ్మా. నేను భర్తని.”

చప్పుళ్లు వినిపించాయి. తర్వాత ఆమె గొంతు, చాలా దూరం నుంచి వస్తున్నట్టు.

“తమ్ముడు చెప్పేశాడా? వాడి నోట్లో ఏదీ దాగదు...”

“ఎలా ఉంది నీకు?”

“నిద్రొస్తోంది. మీరేం రాకండి. కాసేపు పడుకుంటే...”

మాట అక్కడితో ఆగింది. ఫోన్ బెంచీ మీద పెట్టిన చప్పుడైంది.

“ఏం కావాలి?” తూనికలాయన డాక్టరు వైపు తిరిగాడు. ఆయన ఇంత తొందరగా మాట్లాడటం బావమరిది ఎన్నడూ వినలేదు. “ఏ మందు? ఎంత?”

“హైడ్రోకార్టిసోన్. వంద మిల్లీగ్రాములు, నేరుగా నరంలోకి. సెలైన్ పెట్టాలి. ఏ మందుల షాపులోనైనా దొరుకుతుంది. వార్డులో ఉన్న సీసాలు పనికిరావు, అవి నిదానం. కానీ ఆలస్యం చేస్తే...”

“ఇక్కణ్నుంచి ట్రాఫిక్‌లో ముప్పావుగంట పడుతుంది,” అన్నాడు ఇన్‌స్పెక్టరు. “అంబులెన్స్ కూడా అంతే.”

“ఆ క్లినిక్ ఎక్కడ?”

“మా స్టేషన్ వెనక వీధిలో.”

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. స్టేషన్ నుంచి ఆ వీధికి నడిచి వెళ్లొచ్చు. స్టేషన్‌లో, బల్ల ముందు, నరం పట్టుకోవడం తెలిసిన మనిషి ఒకరు నిన్నటినుంచి ఊరికే కూర్చుని ఉన్నారు.

ఇన్‌స్పెక్టరు స్టేషన్‌కి ఫోన్ చేశాడు. కానిస్టేబుల్ ఎత్తాడు.

“ఆ నర్సుని... సిస్టర్‌గారిని బయటికి పిలువు. ఫోన్ ఆవిడకివ్వు. లేదు, కాగితాలేం అక్కర్లేదు, చెప్పింది చెయ్యి.”

ఆమె వచ్చేలోగా ఆయన తన రెండో ఫోన్ తీసి డాక్టరు ఒళ్లో పడేశాడు. “మిగతా ఆరుగురికీ నువ్వే చెయ్. మాత్రలు ఇప్పుడే వేసుకోమను. ఎందుకని అడిగితే, ఎందుకో నీ నోటితోనే చెప్పు.”

“హలో,” అంది నర్సు.

ఇన్‌స్పెక్టరు విషయం చెప్పాడు. క్లినిక్, బెంచీ, పన్ను, అక్క. పక్కనే మందుల షాపు ఉంది, కానిస్టేబుల్ వెంట వస్తాడు, పరిగెత్తాలి. నిన్న తను అన్న మాటల గురించి ఏదో అనబోయి మానేశాడు.

అవతల కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడు వినిపించింది. ఆమె లేచింది.

“వెళ్తున్నాను సార్. సూది నేనే వేస్తాను,” అంది. “డాక్టరుగారు మీ పక్కనే ఉన్నారా? ఉంటే ఒక్క మాట ఆయన్నే చెప్పమనండి. ఈసారి అందులో ఏముంది?”

తూనికలాయన ఫోన్ అందుకుని డాక్టరు నోటి దగ్గర పెట్టాడు.